తేనెటీగల పెంపకం: పూలు లేని నెలల లెక్క

పెరటి మూల ఖాళీ తేనెపెట్టెలు పడి ఉండటం తెలుగు పల్లెల్లో కొత్త దృశ్యమేమీ కాదు. శిక్షణకు వెళ్లి, పది పెట్టెలు తెచ్చుకుని, మొదటి చలికాలంలో వచ్చిన తేనె చూసి మురిసిపోయినవాళ్లకే తర్వాతి ఆగస్టులో మూత తీస్తే మైనపు పురుగు అల్లిన సాలెగూడు తప్ప ఈగ కనిపించదు. అప్పుడు తప్పు ఈగల మీదకో, వాతావరణం మీదకో, పెట్టెలు అమ్మినవాళ్ల మీదకో పోతుంది. చాలాసార్లు ఆ నష్టం పెట్టెలు కొనకముందే ఖాయమై ఉంటుంది. ఊరి చుట్టూ రెండు కిలోమీటర్లలో ఏ నెలలో ఏం పూస్తుందో ఎవరూ రాసుకుని ఉండరు.

పాడి పెట్టుకునేవాళ్లు గేదెను కొనేముందు మేత చూసుకుంటారు. ఊళ్లో మేత లేకపోతే పక్క ఊరి నుంచి గడ్డి తెచ్చి వేస్తారు. పూలను అలా తెచ్చి వేయలేం. పూలున్న చోటికి ఈగలను తీసుకెళ్లాలి, లేదా ఏడాదంతా ఏదో ఒకటి పూసే చోటే పెట్టె పెట్టాలి. ఈ వ్యాపారంలో మిగతా నిర్ణయాలన్నీ ఈ ఒక్కదాని వెనకే వస్తాయి.

ఏ ఈగను పెంచాలి

మన చుట్టూ కనిపించే తేనెటీగలన్నీ పెట్టెలో ఉండేవి కావు. కొండ చరియలకు, పెద్ద చెట్లకు, నీళ్ల ట్యాంకులకు, నగరాల్లో అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్లకు చాటంత పట్టు పెట్టేది కొండ తేనెటీగ. అది ఆరుబయట, వెలుతురులో, ఒకే ఒక పట్టు కడుతుంది. చీకటి పెట్టెలో పెడితే నిలవదు. పొదల్లో అరచేతి వెడల్పు పట్టు కట్టే చిన్న ఈగదీ అదే స్వభావం. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల సందుల్లో చీకట్లో వరసగా అరడజను పట్లు కట్టుకునే ఈగే పెంపకానికి పనికొస్తుంది. పల్లెల్లో పుట్టతేనె, తొర్రతేనె అనేది దీనిదే. శాస్త్రీయ నామం ఏపిస్ సెరానా ఇండికా, మామూలుగా దేశీ ఈగ అంటారు. రెండోది బయటినుంచి వచ్చిన ఏపిస్ మెల్లిఫెరా. అందరూ ఇటాలియన్ ఈగ అని పిలిచేది దాన్నే. దీన్ని మన దేశంలో నిలదొక్కుకునేలా చేసింది 1962లో, ఇప్పటి హిమాచల్‌ప్రదేశ్‌లోని నగ్రోటా బగవాన్‌లో. పంజాబ్, హర్యానా ఆవ చేలల్లో లక్షల పెట్టెలు నడుస్తున్నాయంటే పునాది అక్కడే పడింది.

రెండింటి మధ్య ఎంపిక దగ్గర కొత్తవాళ్లు ఎక్కువగా తేనె దిగుబడి ఒక్కటే చూస్తారు. దేశీ ఈగ పెట్టెకు ఏడాదికి 5 నుంచి 10 కిలోలు ఇస్తే గొప్ప. ఇటాలియన్ ఈగ పూల వెంట ఊళ్లు మారిస్తే 25 కిలోలకు పైగా ఇవ్వగలదు. ఈ అంకె చూసి ఇటాలియన్ పెట్టెలు కొనేస్తారు. "ఊళ్లు మారిస్తే" అన్న మాట మాత్రం చెవిన పడదు. ఒకే చోట ఉంచేస్తే ఆ పెద్ద కుటుంబానికి చాలినంత మకరందం దొరక్క, వచ్చే తేనె సగానికి పడిపోతుంది. పూలు లేని కాలంలో తిండి ఖర్చు కూడా దేశీ ఈగ కంటే దీనికే ఎక్కువ.

దేశీ ఈగ మన ఎండలకు, మన పూలకు అలవాటు పడినది. వరోవా నల్లి మొదటినుంచీ దీని ఒంటిమీదే బతికింది కాబట్టి దాన్ని తట్టుకోవడం దీనికి తెలుసు. ఇటాలియన్ ఈగకు ఆ నల్లి ప్రాణాంతకం. కానీ దేశీ ఈగకు రెండు గుణాలున్నాయి. కుటుంబం పెరిగితే గుంపుగా విడిపోతుంది. ఆకలి, ఎండ, చీమలు ఏది ఇబ్బంది పెట్టినా పెట్టె వదిలి లేచిపోతుంది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో దేశీ ఈగల కుటుంబాలను దాదాపు తుడిచిపెట్టింది. ఆ దెబ్బ తర్వాతే దక్షిణాదిలో చాలామంది ఇటాలియన్ వైపు తిరిగారు. అందుకే ఎక్కడో దూరం నుంచి దేశీ ఈగలు తెప్పించేటప్పుడు పట్టులో సంచిలా ఉబ్బి చచ్చిన పిల్లపురుగులు ఉన్నాయేమో చూడకుండా తీసుకోకూడదు.

లారీలోకి పెట్టెలెక్కించి రాత్రికి రాత్రి జిల్లా దాటే ఓపిక, మనుషులు ఉన్నవారికి ఇటాలియన్ ఈగ సరిపోతుంది. తోట ఉండి, ఊరు కదలలేని రైతుకు దేశీ ఈగే నయం. ఏ శిక్షణలో ఎంత గట్టిగా ఇంకోలా చెప్పినా ఈ తేడాను మరిచిపోకూడదు.

పెట్టె విషయంలో ఒక చిన్న హెచ్చరిక. ఖర్చు తగ్గుతుందని ఊళ్లో వడ్రంగితో చేయిస్తుంటారు. తప్పేం లేదు కానీ కొలతలు మిల్లీమీటర్లలో కుదరాలి. పట్టు కట్టడానికి లోపల వేలాడదీసే చెక్క చట్రానికీ పెట్టె గోడకూ మధ్య ఈగ నడిచేంత సందు, ఇటాలియన్ ఈగకైతే సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్లు ఉండాలి. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పెంపకందారు ఈ సంగతి పట్టుకోవడంతోనే చట్రాలు బయటికి తీసే పెట్టె సాధ్యమైంది. సందు తగ్గితే ఈగలు బంకతో అతికించేస్తాయి, పెరిగితే అడ్డంగా పట్టు కట్టేస్తాయి. అప్పుడు చట్రం తీయాలంటే పట్టు విరిగి, పిల్లలు నలిగి, రాణి పోయే ప్రమాదం ఉంది. దేశీ ఈగ ఒళ్లు చిన్నది, దాని కొలతలు వేరు. ఒకదాని పెట్టె ఇంకోదానికి పనికిరాదు.

పూత నుంచి వెనక్కి లెక్కపెట్టడం

రాణి ఇవాళ పెట్టిన గుడ్డు 21 రోజులకు కూలి ఈగై బయటికొస్తుంది. రాగానే పూల మీదికి పోదు. ఇంకో మూడు వారాలు పెట్టెలోనే గదులు శుభ్రం చేస్తూ, పిల్లలకు తినిపిస్తూ, మైనం తీస్తూ, వాకిట కాపలా కాస్తూ గడుపుతుంది. ఆ తర్వాతే తేనెకు బయలుదేరుతుంది. అంటే ఇవాళ్టి గుడ్డు తేనె తెచ్చేది ఆరు వారాల తర్వాత. జనవరి మొదట్లో ధనియాల చేను పూస్తుందంటే, ఆ పూతను దోచుకునే ఈగల గుడ్లు నవంబరు మూడో వారంలోనే పడి ఉండాలి. పూత వచ్చాక పెట్టె బలపడటం మొదలైతే, ఈగలు తెచ్చిన మకరందమంతా తమ పిల్లలకే సరిపోతుంది. పూత అయ్యేసరికి పెట్టె నిండుగా ఉంటుంది, తేనె మాత్రం ఉండదు. "ఈగలు బాగున్నాయి, తేనె రాలేదు" అనే ఫిర్యాదు చాలాసార్లు ఇలాంటిదే.

పెట్టెను రెండుగా విడగొట్టి పెంచుకునేటప్పుడు ఈ లెక్క ఇంకా పొడుగవుతుంది. రాణి లేని సగంలో ఈగలు లేత పురుగును ఎంచుకుని కొత్త రాణిని తయారుచేసుకుంటాయి. ఆ రాణి బయటికొచ్చి, పోతుటీగలతో కలిసి తిరిగొచ్చి, గుడ్లు మొదలుపెట్టేసరికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. దానికి పైన చెప్పిన ఆరు వారాలు కలపాలి. మొత్తం పది వారాలు. డిసెంబరు మధ్యలో పూత అందుకోవాలంటే అక్టోబరు మొదటి వారంలో విడగొట్టాలి. ఆత్రపడి జనవరిలో విడగొడితే ఆ ఏడాది తేనె రెండు సగాల్లోనూ ఉండదు.

ఇక ఏం పూస్తుంది, ఎక్కడ పూస్తుంది? తెలుగు నేల మీద దీనికి ఒకే జవాబు లేదు. అరకు లోయలో నవంబరు, డిసెంబరుల్లో వలిసెల పూత కొండవాలును పసుపు చేసేస్తుంది. ప్రకాశం, కర్నూలు వైపు చలికాలపు ధనియాలు ఉంటాయి. కర్నూలు, సిద్దిపేటల్లో పొద్దుతిరుగుడు, జగిత్యాల, నిజామాబాద్ వైపు నువ్వులు, నల్గొండ, అనంతపురాల్లో బత్తాయి, ఉద్దానంలో జీడిమామిడి పూస్తాయి. వేసవి మొదట్లో కానుగ, వేప, నేరేడు అందుకుంటాయి. పంట పటంలో ఉండని ఈ చెట్లే చాలా ఊళ్లలో పెట్టెలను నిలబెడుతున్నాయి. తుమ్మ, ఈత, తాటి, కుంకుడు, చింత, గట్ల మీద మునగ, ఇవేవీ వ్యవసాయ శాఖ లెక్కల్లో కనిపించవు. చెరువు కట్ట మీద కానుగలు కొట్టేస్తే తేనెటీగల పెంపకందారుకు అది ఒక పంట పోయినట్టే.

కోనసీమది ఇంకో దారి. కొబ్బరి చెట్టు సుమారు నెలకో గెల వేస్తుంది, కాబట్టి అక్కడ పూత ఎప్పుడూ పూర్తిగా ఆగదు. తేనె వరదలా రాదు, ఈగ మాత్రం ఆకలితో చావదు. కొబ్బరి తోటలో నాలుగు దేశీ పెట్టెలు పెట్టుకున్నవారు మళ్లీ ఈగలు కొనే ఖర్చు, చక్కెర ఖర్చు రెండూ మిగుల్చుకుని నెమ్మదిగా పెట్టెలు పెంచుకోవచ్చు. పెద్ద దిగుబడి కంటే ఈ నెమ్మదే కొత్తవారికి మంచి బడి.

జూన్ నుంచి సెప్టెంబరు

అసలు పరీక్ష ఇక్కడే. మే నెల ఎండకు పూత తగ్గుతుంది. పెట్టె లోపల పిల్లల దగ్గర వేడి 34, 35 డిగ్రీలు దాటకూడదు. బయట 44 ఉన్నప్పుడు ఈగలు నీళ్లు మోసుకొచ్చి, పట్ల మీద చల్లి, రెక్కలతో విసురుతాయి. ఆ పనికే బలమంతా పోతుంది, తేనెకు ఈగలు మిగలవు. చెట్టునీడ, పెట్టె మీద తడి గోనెపట్టా, పక్కనే గులకరాళ్లు వేసిన నీళ్ల పళ్లెం పెడితే ఆ శ్రమ చాలావరకు తగ్గుతుంది. గులకరాళ్లు ఎందుకంటే, కూర్చునే చోటు లేకపోతే ఈగలు నీళ్లలో మునిగి చస్తాయి.

వానలు మొదలయ్యాక నాలుగు నెలలు ఇంకోరకం ఇబ్బంది. ముసురులో ఈగలు బయటికి పోలేవు. మొక్కజొన్న, తుమ్మ నుంచి పుప్పొడి దొరుకుతుంది కానీ మకరందం తక్కువ. పెట్టెలో నిల్వ తరిగేకొద్దీ రాణి గుడ్లు తగ్గిస్తుంది. ఈగల సంఖ్య పడిపోయి పట్లలో కొన్ని ఖాళీ అవుతాయి. ఈగలు కప్పలేని ఆ ఖాళీ పట్లలోకే మైనపు పురుగు దూరుతుంది. పురుగు వచ్చి ఈగలను చంపిందని అందరూ అంటారు. నిజానికి పెట్టె ముందు బలహీనపడింది, పురుగు తర్వాత వచ్చింది. మందు కోసం పరుగెత్తడం కంటే ఖాళీ పట్లు తీసేసి, ఉన్న ఈగలు నిండుగా కప్పేంత చోటే వాటికి వదిలితే పురుగు నిలవదు.

చక్కెర పాకం పెట్టడం తప్పదు. సమానంగా చక్కెర, నీళ్లు కలిపి, సాయంత్రం చీకటి పడ్డాక, పెట్టె లోపల పెట్టాలి. పగలు ఆరుబయట పెడితే వాసనకు ఇతర పెట్టెల ఈగలు వచ్చి దోచుకుంటాయి. దోపిడీ ఒకసారి మొదలైతే ఒక పూటలో పెట్టె ఖాళీ అవుతుంది. అందుకే ఈ నెలల్లో వాకిలిని ఒకటి రెండు ఈగలు పట్టేంతకు కుదిస్తారు. ఇంకో మాట: పూత మొదలవ్వడానికి ముందే పాకం ఆపేయాలి. ఆపకపోతే తేనెగదిలో, అంటే పెట్టెలో మనం తేనె తీసుకునే పై అరలో, చేరేది చక్కెరే. ఈగ మోసినంత మాత్రాన అది తేనె కాదు, అలా సీసాలో పోసి అమ్మితే కల్తీయే.

బలహీనంగా ఉన్న రెండు పెట్టెలను కలిపేయడం చాలామందికి మనసొప్పని పని. పది పెట్టెలు ఏడయ్యాయని చెప్పుకోవడం కష్టంగా ఉంటుంది. కానీ మూడేసి చట్రాల ఈగలున్న రెండు పెట్టెలు ఆగస్టు దాటవు, ఆరు చట్రాల ఒక పెట్టె దాటుతుంది. కలిపే పద్ధతి తేలిక. ఒక రాణిని తీసేసి, ఒక పెట్టె మీద పాత వార్తాపత్రిక కాగితం పరిచి, రెండో పెట్టెను దానిపై పెట్టాలి. రెండు మూడు రోజుల్లో ఈగలు కాగితం కొరికేసే లోపు రెండింటి వాసన కలిసిపోతుంది, కొట్లాడుకోవు.

వీటి మధ్యలో చీమలు, కందిరీగలు, పసిరిక పిట్టలు ఉండనే ఉంటాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమల బెడద తీరుతుంది.

మందుల పిచికారీ మాత్రం పెంపకందారు చేతిలో లేని ప్రమాదం. మిరప, పత్తి విస్తారంగా వేసే ఊళ్లలో పొద్దున పూట పిచికారీ చేస్తే మధ్యాహ్నానికి పెట్టె ముందు ఈగలు కుప్పగా పడి ఉంటాయి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు ఈగను వెంటనే చంపకపోయినా దారి తప్పేలా చేస్తాయి. చుట్టుపక్కల రైతులతో ముందే మాట్లాడుకుని, పిచికారీ సాయంత్రానికి మార్చుకోమని అడగడం, ఎప్పుడు కొడతారో ఫోన్ చేసి చెప్పమనడం కొంత కాపాడుతుంది. ఆ మాట వినే పరిస్థితి లేని ఊళ్లో పెట్టెలు పెట్టకపోవడమే మంచిది.

డబ్బు సంగతి

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ధరలు చోటును బట్టి మారతాయి, లెక్క తీరు మాత్రం మారదు. పది ఇటాలియన్ పెట్టెలు, ఒక్కోదానికి చెక్క 2 వేలు, ఈగలు 3 వేలు అనుకుంటే 50 వేలు. తేనె తీసే చిన్న యంత్రం, పొగ డబ్బా, ముసుగు, కత్తి, స్టాండ్లకు 15 వేలు. మొత్తం 65 వేలు. ఏటా చక్కెర పెట్టెకు 8 కిలోల చొప్పున 80 కిలోలు, సుమారు 3,600. మన రాకపోకల ఖర్చు 6 వేలు. పెట్టెలు కదపకుండా సగటున 12 కిలోలు వస్తే తేనె 120 కిలోలు.

దీన్ని టోకు వ్యాపారికి కిలో 150 చొప్పున ఇస్తే 18 వేలు. ఖర్చులు పోగా మిగిలేది 8,400. వానాకాలంలో మూడు పెట్టెల ఈగలు పోతే మళ్లీ కొనడానికి 9 వేలు. ఏడాది కష్టానికి చేతిలో ఏమీ మిగలదు. అదే తేనెను సీసాల్లో పోసి కిలో 450కి నేరుగా అమ్మితే 54 వేలు. సీసాలు, లేబుళ్లకు మరో 3,600 పోయినా ఖర్చుల తర్వాత దాదాపు 41 వేలు ఉంటాయి. మూడు పెట్టెలు పోయినా 32 వేలు మిగులుతాయి. అంటే పది పెట్టెల స్థాయిలో టోకు అమ్మకం మీద ఆధారపడితే ఇది వ్యాపారం కాదు. వందల పెట్టెలతో ఊళ్లు తిరిగేవారికే టోకు ధర గిడుతుంది. చిన్నవారికి కొనేవాళ్లు ముందు దొరకాలి, పెట్టెలు తర్వాత పెరగాలి.

కొనేవాళ్ల నమ్మకం దగ్గర తేనెకు ఒక చిక్కు ఉంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో ఎన్‌ఎంఆర్ అనే, కల్తీని లోతుగా పట్టే పరీక్షకు పంపితే 10 బ్రాండ్లు తప్పాయి. మామూలు పరీక్షలకు దొరకని చక్కెర పాకాలు కలుస్తున్నాయని ఆ సంస్థ చెప్పింది. అప్పటినుంచి ఊళ్లో తేనె మీద జనానికి ఆశ పెరిగింది, అనుమానమూ పెరిగింది. అనుమానం తీర్చుకోవడానికి వాడే పద్ధతులే సరైనవి కావు. నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి గీయడం, కుక్క ముడుతుందా అని చూడటం, వీటిలో ఏదీ పాకాన్ని పట్టుకోలేదు. పొద్దుతిరుగుడు, ఆవ తేనెలు చలికి త్వరగా గడ్డకడతాయి. వాటిలో గ్లూకోజ్ పాలు ఎక్కువ కావడమే కారణం. పంచదార కలిపారని సీసా వెనక్కి పంపేవారికి ఈ సంగతి లేబుల్ మీదే రెండు ముక్కల్లో రాసి ఇవ్వాలి. గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచితే మళ్లీ కరుగుతుందని కూడా రాయాలి. ఏడాదిలోపు పసిపిల్లలకు తేనె నాకించకూడదన్న మాట తప్పకుండా ఉండాలి. మన ఇళ్లలో పుట్టిన బిడ్డకు తేనె పెట్టే అలవాటు ఇంకా పోలేదు, దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

నాణ్యత చాలావరకు కోత రోజునే తేలిపోతుంది. పూల నుంచి వచ్చిన మకరందంలో సగానికి పైగా నీళ్లే. ఈగలు దాన్ని ఆరబెట్టి, పక్వానికి వచ్చాక గది మీద మైనంతో మూత వేస్తాయి. పట్టులో ముప్పాతిక వంతు మూతలు పడ్డాకే తీయాలి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. పచ్చి తేనె తొందరపడి తీస్తే సీసాలో పులిసి మూత ఎగురుతుంది. తేమ కొలిచే చేతి పరికరం ఒకటి కొనుక్కుంటే ఈ విషయంలో ఊహ అక్కర్లేదు. అమ్మకానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చిన్నవారికీ తప్పనిసరి.

తేనె కాకుండా ఇంకో ఆదాయం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. బలమైన పెట్టెను సరైన సమయంలో విడగొట్టి ఈగల కుటుంబాన్ని అమ్మడం. మూడో ఏటికి పని చేయి తిరిగినవారికి ఇది తేనె కంటే నిలకడగా ఉంటుంది. పరాగ సంపర్కానికి అద్దె వసూలు చేసే పద్ధతి మాత్రం మన దగ్గర ఇంకా పాతుకోలేదు. పొద్దుతిరుగుడులో ఈగ తిరగకపోతే గింజ తాలు పోతుంది. పుచ్చ, దోసలకు ఈగే ఆధారం. ఇంత మేలు చేస్తున్నా, పెట్టెలు పెట్టుకోనిచ్చినందుకు పెంపకందారే రైతుకు తేనె సీసా ఇచ్చి మొహమాటపడాల్సి రావడం న్యాయం కాదు. ఈ విషయం రైతుకు అర్థమయ్యేలా చెప్పాల్సింది వ్యవసాయ శాఖే.

ప్రభుత్వ సాయం ఉంది. ఖాదీ కమిషన్ 2017-18లో మొదలుపెట్టిన హనీ మిషన్‌లో శిక్షణతో పాటు పది పెట్టెలు ఇస్తారు. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు కేంద్రం 500 కోట్లు కేటాయించింది. ఏలూరు జిల్లా విజయరాయిలోని పరిశోధన కేంద్రం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, కృషి విజ్ఞాన కేంద్రాల్లో నేర్చుకోవచ్చు. సబ్సిడీ మంజూరు ఏ నెలలో వచ్చినా ఈగలున్న పెట్టెలను మాత్రం అక్టోబరు తర్వాతే దించుకోవాలి. మే నెలలో వచ్చిన పెట్టె, ఈగల భాష తెలియని చేతుల్లో నేరుగా కరువు నెలల్లోకి దిగుతుంది.

డబ్బు పెట్టేముందు ఒక ఏడాది రెండు పెట్టెలతో గడపగలిగితే అన్నిటికంటే మేలు. నెలకోసారి ఊరు చుట్టి ఏ చెట్టు పూసిందో, దాని మీద ఈగ వాలుతోందా, పుప్పొడికి వాలుతోందా మకరందానికా, నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆ పుస్తకం చేతిలో ఉంటే ఏప్రిల్ చివరి కోతకు జవాబు దొరుకుతుంది. పిల్లగది, అంటే రాణి గుడ్లు పెట్టే కింది అర, అంచు పట్లలోని రెండు కిలోల తేనె తీసేయాలా, వదిలేయాలా? వదిలితే పెట్టెకు 900 రూపాయలు వదులుకున్నట్టు. తీసేస్తే జూలైలో ఆ పెట్టె ఆకలితో లేచిపోవచ్చు. అప్పుడు 3 వేలు పెట్టి కొత్త ఈగలు తేవాలి, అవి బలపడేసరికి సగం పూత అయిపోయి ఉంటుంది.